తొమ్మిది దగ్గర ముల్లు

మా అత్తయ్యకి నా మాట చెవికెక్కదని పెళ్లయిన ఇరవై రెండేళ్లుగా దొరికిన ప్రతివాళ్లకీ చెప్పుకుంటూ వచ్చాను. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆ నమ్మకంలోనే ఉన్నాను.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. కరెంటు వాళ్ల పెద్ద లైను ఏటి అవతలే ఆగిపోయింది. ఇవతల స్తంభాలు పాతి వెళ్లారు, తీగలు మరిచిపోయారు. ఆ స్తంభాలకి ఇప్పుడు మేకల్ని కట్టేస్తున్నారు. మా ఆసుపత్రి అంటే రెండు గదులు, ఒక వరండా. దానికో డీజిలు జనరేటరు ఉండేది గాని, అది నడిచిన రోజులకన్నా మూలిగిన రోజులే ఎక్కువ, చివరికి పూర్తిగా మూలపడింది. చీకట్లో కాన్పు వస్తే నర్సమ్మ ఫోను లైటు నోట కరుచుకుని బిడ్డని బయటికి తీసేది. నాలుగేళ్ల కిందట ఒక సంఘం వాళ్లు వచ్చి, డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెడతాం, వాటిని చూసుకునే మనిషిని మీరే ఇవ్వండి అన్నారు. మగవాళ్లంతా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నేను చెయ్యెత్తాను. ఆరు నెలలు పట్నంలో ఉండి ఆ పని నేర్చుకొచ్చాను. "కోడలు నిచ్చెనెక్కితే ఇక ఇల్లు గడిచినట్టే" అని దీవించి పంపింది మా అత్తయ్య. తిరిగొచ్చేసరికి నా పేరే పోయింది. పిల్లా పెద్దా అందరికీ కరెంటక్కనయ్యాను.

నేర్చుకున్నదాన్ని కడుపులో దాచుకోలేదు. ఊళ్లో ఒక్కొక్కరూ ఇళ్ల మీద చిన్న చిన్న ప్యానెళ్లు పెట్టించుకుంటున్న రోజులవి. నెలకోసారి ఆడవాళ్లని వరండాలో కూర్చోబెట్టి పాఠం చెప్పేదాన్ని. గుర్తుండిపోవాలని ఒక మాట కూడా కట్టాను: "ప్యానెల్‌కి ఎండ ఇష్టం, వేడి కష్టం." ఎండ పడితేనే కరెంటు పుడుతుంది గాని, మరీ కాగిపోతే కాస్త తగ్గుతుంది, అందుకని కింద గాలి ఆడేట్టు బిగించాలి. అదీ దాని అర్థం. ఆ మాట నాకెంత ముద్దొచ్చిందంటే ఆసుపత్రి గోడ మీద రంగుతో రాసేశాను. అర్థం మాత్రం రాయలేదు. పాఠం జరిగినంతసేపూ అత్తయ్య వెనక గోడకి చేరగిలి కళ్లు మూసుకుని ఉండేది. నిద్రపోతోందనుకునేదాన్ని.

మా ఆడపడుచుకి నెలలు నిండడానికి ఇంకా ఐదు వారాలుంది. మూడు రోజులు ఎడతెరిపి లేని వాన. ఆ వానలోనే నొప్పులు మొదలయ్యి, నాలుగో రోజు తెల్లవారాక ఆడపిల్ల పుట్టింది. గుప్పెడంత పిల్ల. ఏడవలేదు, మూలిగింది. ఆ ఒంటి రంగు చూసి నర్సమ్మ మారుమాట్లాడకుండా ఆక్సిజన్ మిషను లాక్కొచ్చి ముక్కుకి సన్నటి గొట్టం పెట్టింది. గాల్లోంచి ఆక్సిజన్ని వడగట్టి ఇచ్చే మిషను అది, కరెంటు ఉంటేనే పని చేస్తుంది. బిడ్డని తల్లి గుండెల మీద పడుకోబెట్టి, పాదానికి ఒక క్లిప్పు తగిలించింది. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో ఆ క్లిప్పు చూపించే అంకె తొంభైకి పైనే ఉండాలంది.

పెద్దాసుపత్రికి ఫోను చేస్తే అంబులెన్సు బయల్దేరింది గాని, ఏటి మీద కల్వర్టు కొట్టుకుపోయింది. మా ఆయనా, పిల్ల తండ్రీ, ఇంకో పదిమందీ రాళ్లు పరిచి దారి చెయ్యడానికి పరిగెత్తారు. ఎంత తొందరపడ్డా మూడు గంటలకి ముందు బండి రాదని కబురొచ్చింది.

"మూడింటి దాకా మిషను ఆగకూడదక్కా" అంది నర్సమ్మ. "సిలిండరు ఒకటుంది గాని అడుగంటింది. మహా అయితే ఇరవై నిమిషాలు వస్తుంది."

అంటే మిగతా గంటలన్నీ నా మీదే ఉన్నాయి.

రెండు గదులకీ మధ్య చిన్న కొట్టులో బ్యాటరీలుంటాయి. గోడకి రెండు మీటర్లు. ఒకటి ముల్లు మీటరు, పైన ప్యానెళ్ల నుంచి ఎన్ని యాంపులు వస్తున్నాయో చూపిస్తుంది. మంచి ఎండలో ముల్లు ముప్పై దాటుతుంది. రెండోది బ్యాటరీల్లో ఎంత ఓపిక మిగిలిందో చెప్పే అంకె. అది ఇరవై రెండుకి పడిందంటే ఇన్వర్టర్ తనంతట తనే ఆగిపోతుంది. మూడు రోజుల మబ్బుకి ఆ పొద్దున అది ఇరవై మూడున్నర దగ్గర ఈడుస్తోంది. ఆక్సిజన్ మిషను ఒక్కటే పదహారు యాంపులు తింటుంది. పైనుంచి పదహారు కన్నా ఎక్కువ వస్తే గట్టెక్కుతాం, తక్కువ వస్తే బ్యాటరీలు ఒట్టిపోతాయి.

నిజానికి నాకప్పుడు భయం లేదు. మబ్బు విడిపోయింది. ఏడింటికే నిచ్చెనెక్కి ఎనిమిది ప్యానెళ్లూ తుడిచి దిగాను. ఫ్యాన్లూ లైట్లూ ఆపేశాను. టీకా మందుల్ని ఐసు పెట్టెలోకి మార్చి ఫ్రిజ్జు కూడా ఆపేశాను. నర్సమ్మ తన ఫోను ఛార్జింగు పెట్టుకోబోతే ఆ ప్లగ్గు కూడా పీకేశాను. తొమ్మిదిన్నరకి ముల్లు ఇరవైకి వచ్చింది.

"ఎంతుందే?" అంది అత్తయ్య వెనక నుంచి. ఆవిడకి డెబ్బై ఏళ్లు. చదువు లేదు గాని అంకెలు మాత్రం నేనే నేర్పాను.

"ఇరవై."

"చాలదా?"

"చాలుతుంది గాని ఇంకా రావాలి. వాన కడిగిన ఎండ కదా, సెగలు కక్కుతోంది. కాసేపట్లో పైన ప్యానెళ్లు ఉడికిపోతాయి. ఆ వేడికే నాలుగైదు యాంపులు పోతాయి" అన్నాను. పని చేసుకుంటూ గొణుక్కునే గొణుగుడు అది, ఎవరికీ చెప్పిన మాట కాదు.

అత్తయ్య వెంటనే గది మూలనున్న దుప్పట్లు పోగేసుకుని, బకెట్టు పుచ్చుకుని బయటికి వెళ్లింది.

పదిన్నరకి చూస్తే ముల్లు పదిహేను దగ్గరుంది. పదకొండుకి తొమ్మిది.

వాకిట్లోకొచ్చి ఆకాశం చూశాను. మబ్బు తునక లేదు. డాబా వైపు చూస్తే ముందు వరుస నాలుగు ప్యానెళ్లూ తళతళలాడుతున్నాయి. వెనక వరుస కింది నుంచి కనపడదు. లోపలికొచ్చి మీటరుని వేలితో తట్టాను. ముల్లు తొమ్మిది దగ్గర మేకు కొట్టినట్టు నిలబడింది. ఫ్యూజులు తీసి చూశాను, బాగానే ఉన్నాయి. బ్యాటరీల బిగింపులు ఒక్కొక్కటీ కదిపి చూశాను. పైనుంచి దిగే వైరుని గోడ పొడుగునా చేత్తో తడిమాను. ఎక్కడా కాలిన వాసన లేదు. తొమ్మిది వస్తోంది, పదహారు పోతోంది. బ్యాటరీ అంకె ఇరవై మూడుకి జారింది.

ఇక్కడే నా బుద్ధి గడ్డి తింది. మళ్లీ ఒకసారి పైకెక్కి చూడాల్సింది. కానీ పొద్దున్నే నా చేతుల్తో తుడిచాను. నా నిచ్చెనకి గొలుసేసి తాళం పెట్టి ఉంది, తాళంచెవి నా నడుముకే ఉంది. నేను చూసిన చోట తప్పు ఉండదని నాకో పొగరు. తప్పు కిందే ఎక్కడో ఉందనీ, అది ఇంకొకరిదనీ అనుకున్నాను.

అత్తయ్య మాత్రం బకెట్టుతో బోరింగు దగ్గరికీ పెరట్లోకీ తిరుగుతూనే ఉంది. వచ్చినప్పుడల్లా గుమ్మంలోంచి తల పెట్టి అదే అడుగుతుంది.

"ఎంతుందే?"

"తొమ్మిది."

"ఇంకా తొమ్మిదేనా" అని మొహం ముడుచుకుని, ఇంకాస్త ఆత్రంగా బకెట్టు నింపుకుని వెళ్లిపోతుంది. దుప్పట్లు ఉతకడానికి ఇదా వేళ అని నాకు ఒళ్లు మండిపోయింది. లోపల కన్నకూతురు అమ్మేదీ అమ్మేదీ అని అడుగుతుంటే ఈవిడ మనసు మాపుగుడ్డల మీద ఉంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, చేతిలో స్క్రూడ్రైవరుని గోడకేసి విసిరాను.

పన్నెండింటికి గదిలోకి వెళ్లాను. ఫ్యాను లేక గది ఉడికిపోతోంది. నర్సమ్మ అట్టముక్కతో తల్లికి విసురుతూ, కళ్లు మాత్రం క్లిప్పు మీదే పెట్టుకుంది. తొంభై మూడు. పిల్ల పక్కటెముకలు ఊపిరి ఊపిరికీ లోపలికి పోతున్నాయి.

"వదినా, మిషను ఆగదు కదా?" అంది ఆడపడుచు.

"ఆగదు."

"ఒట్టు?"

నేను ఒట్టు వెయ్యలేదు. దిండు సర్దినట్టు సర్ది బయటికొచ్చేశాను. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే. బ్యాటరీ అంకె ఇరవై రెండున్నర. సరిగ్గా ఆ సమయంలో వెనక గోడ అవతల నుంచి రేడియోలో పాట వినిపించింది.

ఆసుపత్రి వెనక గోడని ఆనుకుని ఒక రేకుల కొట్టుంది. సెల్‌ఫోన్లు బాగుచేసి, ఛార్జింగు పెట్టి ఇచ్చేవాడిది. ఊరంతా వాణ్ని ఛార్జింగు అనే పిలుస్తారు. రెండేళ్ల కిందట వాడు మా గోడకి కన్నం పెట్టి, ఆసుపత్రి వైరుకి కొక్కెం తగిలించి కరెంటు లాగుతూ దొరికిపోయాడు. పట్టుకున్నది నేనే. నిచ్చెనకి గొలుసు పడింది కూడా అప్పుడే. తర్వాత వాడు సొంతంగా ప్యానెలూ బ్యాటరీ కొనుక్కున్నాడు, గోడకి కన్నం పూడ్చాడు. నా మనసులో కన్నం మాత్రం పూడలేదు.

వెళ్లి వాడి బల్ల ముందు నిలబడ్డాను. బల్బు వెలుగుతోంది, పాట వస్తోంది, ఏడెనిమిది ఫోన్లు వరసగా ఛార్జింగులో ఉన్నాయి.

"ఏరా, ఎంత లాగుతున్నావు?"

"ఏంటక్కా?"

"లోపల పసిబిడ్డకి ఊపిరందట్లేదు. దాని ముక్కు దగ్గర కరెంటు దొంగిలించడానికి నీకు సిగ్గు లేదూ?"

దారినపోయే నలుగురూ ఆగారు. వాడి మొహం నల్లబడింది. "ఒకసారి తప్పు చేశాను, కాదనను. ఇప్పుడిది నా ప్యానెల్, నా బ్యాటరీ. కావాలంటే వైరు పట్టుకుని చివరిదాకా చూసుకోక్కా" అన్నాడు నెమ్మదిగా.

చూసుకునే ఓపిక నాకెక్కడిది? నడుముకున్న కటింగ్ ప్లేయరు తీసి, బల్ల కిందికి పోతున్న వైరుని టక్కున తెంపేశాను. బల్బు ఆరింది. పాట ఆగింది. ఫోన్ల మీద దీపాలన్నీ ఒక్కసారే పోయాయి. వాడు నన్ను కొట్టలేదు, తిట్టలేదు, తెగిన వైరు కేసి చూస్తూ ఉండిపోయాడు. నేను పరుగున లోపలికొచ్చి మీటరు చూశాను.

తొమ్మిది.

ఆ చూస్తుండగానే ఇన్వర్టర్ కీచుమని కూత పెట్టింది. ఆగిపోయే ముందు అది పెట్టే కూత అది. పది నిమిషాలు కూసి ఆగింది. పొద్దుటి నుంచి చెవుల్లో గురగురమంటున్న మిషను చప్పుడు పోయి, గదిలో ఆడపడుచు ఊపిరి వినిపించింది. నర్సమ్మ అప్పటికే సిలిండరు గొట్టం మార్చి చక్రం తిప్పుతోంది. గోడ గడియారం చూసి, "పన్నెండూ నలభై" అంది. ఆడపడుచు నా వైపు చూసింది. తిడితే బాగుండేది.

ఇక మిగిలింది డాబా ఒక్కటే. నిచ్చెన గొలుసు దగ్గర కూర్చుంటే తొందరలో తాళంచెవి కన్నంలో పడట్లేదు. ఇంతలో ఛార్జింగు వచ్చాడు, రెండు చేతుల్తో తన బ్యాటరీ మోసుకుంటూ.

"ఇదిగో. పనికొస్తే వాడుకోండి. నాకెలాగూ వైరు లేకుండా చేశావు" అని నా ముందు దించాడు.

"ఒక్కటి చాలదురా. మా ఇన్వర్టర్‌కి జత కావాలి" అన్నాను. తల ఎత్తలేకపోయాను.

"సరే. ఇది నర్సమ్మ ఫోను. ఇక్కడ నువ్వు ప్లగ్గు పీకేశావని నా దగ్గర పెట్టుకుంది. అంబులెన్సు వాళ్లు చేస్తే మాట్లాడాలిగా. సగమే ఎక్కింది, ఈలోపు నువ్వొచ్చావు." ఫోను నా ఒళ్లో పెట్టి వెళ్లబోతూ ఆగాడు. "ఆ తాళంతో కుస్తీ ఎందుకు? మా నిచ్చెన కొట్టు చాటున వెనక గోడకి ఆనించే ఉందిగా. మీ అత్తగారు పొద్దున తీసుకెళ్లింది, ఇంకా ఇవ్వలేదు."

"మా అత్తయ్యకి నిచ్చెనెందుకు?"

"డాబా ఎక్కడానికి. రెండు బకెట్లు నేనే అందించాను. ప్యానెళ్లు ఉడికిపోతున్నాయి, చల్లార్చాలంది. నువ్వే చెప్పావంటగా?"

బకెట్లూ దుప్పట్లూ తొమ్మిదీ అన్నీ ఒక్కసారే నా తలలో కలిశాయి.

"నువ్వు లోపలికి పో. ముల్లు ఎంత చూపిస్తే అంత, పైకి వినపడేట్టు అరిచి చెప్పు" అని వాడికి చెప్పి, వెనక గోడ దగ్గరికి పరిగెత్తి వాడి నిచ్చెనే ఎక్కాను.

డాబా నేల కాలుతోంది. వెనక వరుస నాలుగు ప్యానెళ్ల మీదా తెల్ల దుప్పట్లున్నాయి. నీళ్లోడుతున్నాయి. ఒక్క ముడత లేకుండా పరిచి, గాలికి లేవకుండా నాలుగు అంచులూ కిందికి దోపి ఉన్నాయి, పడుకున్న పిల్లకి దోపినట్టు. అత్తయ్య వంగి, చెంబుతో ఆఖరి దుప్పటి మీద నీళ్లు చల్లుతోంది.

మా ప్యానెళ్లు జత జతగా కట్టి ఉంటాయి, ముందు వరుసలో ఒకటికి వెనక వరుసలో ఒకటి. కాడికి కట్టిన ఎద్దుల్లాగే. ఒకటి కూలబడితే రెండోది ఎంత గట్టిదైనా బండి కదలదు. ఈ సంగతి నేను ఏ పాఠంలోనూ చెప్పలేదు. ఆడవాళ్లకి అంత అవసరం లేదులే అనుకున్నాను. వాళ్లలో నేనూ ఒకదాన్నని మరిచిపోయాను.

"వచ్చావా" అంది అత్తయ్య. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. "ముట్టుకుని చూడు, ఎంత చల్లగా ఉన్నాయో. ఆ ముందు వరస కూడా కప్పుదామంటే దుప్పట్లు చాల్లేదు. ఇప్పుడెంతుంది?"

నా నోటి సంగతి ఊరందరికీ తెలుసు. ఇరవై రెండేళ్ల మాటలు గొంతులో వరసకట్టి నిలబడ్డాయి. అప్పుడు ఆవిడ పాదాలు కనపడ్డాయి. చెప్పుల్లేవు. ప్యానెళ్ల దగ్గర చెప్పులతో తిరగొద్దు, ఇసుక రేణువు పడినా అద్దం గీసుకుంటుందని ఎప్పుడో పాఠంలో చెప్పాను. వేళ్ల పక్కనంతా బొబ్బలు లేచి ఉన్నాయి. నా మాట చెవికెక్కని మనిషి ఈవిడేనా అనిపించింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ మందు పేరు చెప్పింది నేనే.

వంగి మొదటి దుప్పటి లాగేశాను.

"పదిహేను" అని కింది నుంచి ఛార్జింగు అరిచాడు.

అత్తయ్య తల అటు తిప్పింది. నేను రెండోది లాగాను.

"ఇరవై ఒకటి."

చెంబు ఆవిడ చేతిలోంచి జారి కింద పడింది. మూడోది లాగాను.

"ఇరవై ఏడు."

నాలుగోదాని మీద నేను చెయ్యి వెయ్యకముందే ఆవిడ వంగి, తాను దోపిన అంచులు తానే పీకి, దుప్పటిని రెండు చేతుల్తో లాగి గుండెకి హత్తుకుంది.

"ముప్పై మూడు."

"నేనేనా?" అంది.

"నేను చెప్పిందే మీరు చేశారు."

"చెప్పింది సగమే విన్నానేమో."

"చెప్పిందే సగం అత్తయ్యా" అన్నాను. అంతకన్నా మాట్లాడడానికి వ్యవధి లేదు. ఆవిణ్ని ఆ ఎండలో అలాగే వదిలేసి దిగాను.

బ్యాటరీ అంకె ఇరవై నాలుగుకి లేచి ఉంది. ఇన్వర్టర్ మీట నొక్కితే ఒకసారి కూసి ఊరుకుంది. రెండోసారి నొక్కాను. గదిలోంచి గురగుర మొదలైంది. పరుగున వెళ్లేసరికి గడియారంలో ఒంటిగంటకి మూడు నిమిషాలు తక్కువ. సిలిండరు ముల్లు అడుగుకి ఆనింది. క్లిప్పు మీద ఎనభై ఆరు.

"ఆగండి, మిషను పుంజుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది" అంది నర్సమ్మ, గొట్టం మారుస్తూ. ఆవిడ గొంతు ఎప్పుడూ అలా వినలేదు.

ఎనభై నాలుగు. పిల్ల పెదాలు సిరాలో ముంచినట్టున్నాయి. ఆడపడుచు పిల్ల వీపు మీద చెయ్యి పెట్టి, తను ఊపిరి పీల్చడం ఆపేసింది. నర్సమ్మ పిల్ల అరికాలు చిటికెన వేలితో రుద్దుతూ ఉంది. ఎనభై నాలుగు. నేను మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను. చెయ్యడానికి నాకు ఒక్క పని కూడా లేదు. అంతకన్నా శిక్ష నేనెరగను. ఎనభై ఐదు. ఎనభై ఎనిమిది. చాలాసేపు ఎనభై ఎనిమిది. తర్వాత తొంభై. తొంభై రెండు చూశాక నర్సమ్మ ముంజేత్తో కళ్లు తుడుచుకుంది.

బయటికొచ్చి ఛార్జింగు కొట్టుకి వెళ్లాను. ఇందాక చూసిన నలుగురిలో ఇద్దరు ఇంకా అక్కడే ఉన్నారు, ఉండడమే మంచిదైంది.

"తప్పు నాదిరా. నలుగురిలో అన్నాను, నలుగురిలోనే చెప్తున్నా" అన్నాను.

"సరేలే. ఆ వైరు మాత్రం నువ్వే అతుకు. నేను ముట్టుకుంటే మళ్లీ దొంగనంటావు" అన్నాడు.

వాడి బల్ల కింద చతికిలబడి వైరు అతికాను. పాట మళ్లీ మొదలైంది. వాడు రేడియో గొంతు తగ్గించాడు.

అత్తయ్య డాబా దిగింది గాని లోపలికి రాలేదు. ఎనిమిది మడతలు పెట్టిన తడి దుప్పటి ఒళ్లో పెట్టుకుని వరండా మెట్టు మీద కూర్చుంది. సరిగ్గా నేను రంగుతో రాసిన మాట కింద. మందు తెచ్చి కాళ్లకి రాస్తుంటే వద్దనలేదు, అబ్బా అని కూడా అనలేదు.

"లోపలికి రండి. పిల్ల బాగానే ఉంది. తొంభై మూడు."

"ఊఁ."

"మీ అమ్మాయి మిమ్మల్నే అడుగుతోంది."

"తర్వాత" అంది. ఆ తర్వాత రాకుండానే మూడుంపావు అయింది.

అంబులెన్సు టైర్ల నిండా బురదతో వచ్చింది. వెనక మా ఆయనా, పిల్ల తండ్రీ మోకాళ్ల దాకా బురదే. స్ట్రెచరు మీద తల్లీ పిల్లా ఎక్కారు, నర్సమ్మ ఎక్కింది. ఇంకొక్కరికే చోటుందన్నాడు డ్రైవరు.

"అమ్మని రమ్మనండి" అంది ఆడపడుచు. తర్వాత నా వైపు తిరిగి, "పొద్దుటి నుంచి ఒక్క క్షణం నా పక్కన కూర్చోలేదు వదినా. ఎక్కడుంది అంతసేపూ?" అంది.

అత్తయ్య తలుపు దగ్గరే ఉంది, వింది. "నేను రాను. వాళ్లాయన్ని వెళ్లమను. నా చేతులు మంచివి కావు" అంది నాతో, నేల చూపులు చూస్తూ.

డాబా మీద రాని కోపం అప్పుడొచ్చింది నాకు.

"మీ అమ్మ డాబా మీద ఉంది" అన్నాను ఆడపడుచుతో. "మండుటెండలో, చెప్పుల్లేకుండా, నీ పిల్ల కోసం డెబ్బై ఏళ్ల వయసులో నిచ్చెనెక్కి నీళ్లు మోసింది. అవి మొయ్యకూడని నీళ్లని చెప్పాల్సింది నేను. చెప్పలేదు. మిషను ఆగింది నా వల్ల. మిగతాది ఇంటికొచ్చాక తీరిగ్గా తిట్టు." తర్వాత అత్తయ్య వైపు తిరిగాను. "మీ చేతులకేం కాలేదు. చెడ్డది నా నోరు. ఎక్కండి బండి."

ఇన్నేళ్లలో ఆవిడ మీద అంత గట్టిగా అరిచింది అదే మొదలు. అత్తయ్య ఆ బొబ్బల కాళ్లతో మెట్టెక్కి కూతురి తల దగ్గర కూర్చుంది. తలుపు వెయ్యబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ అంకె ఎంతుండాలే?"

"తొంభైకి పైన."

"తగ్గితే?"

"నర్సమ్మకి చెప్పండి."

"నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యొద్దు అత్తయ్యా. చూస్తూ కూర్చోండి, చాలు."

తల ఊపింది. తలుపు పడింది. బండి గుంతల్లో ఊగుతూ కదిలింది, నేను పక్కనే నాలుగడుగులు నడిచాను. వెనక అద్దంలోంచి కనపడింది. కళ్లు ఆ అంకె మీదే ఉన్నాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుని ఉంది.